అవయవి ఎవరిది? సింగరేణి చరిత్రలో సంస్థకూ వాటాదారులకూ గల భేదం

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ప్రాంతాల బొగ్గుబాయి కార్మికుల వాడుకలో 'కంపెనీ' అనే మాట నిత్యమూ కర్తృస్థానంలో నిలుస్తుంది. కంపెనీ క్వార్టరిచ్చింది, కంపెనీ నోటీసిచ్చింది, కంపెనీ ఊరి భూమి తీసుకొంది, కంపెనీ జీతం కోసింది. ఈ వాక్యాలలో క్రియ స్పష్టం, ఫలం స్పష్టం, ఆ ఫలాన్ని అనుభవించేవాడు కూడా ఎదుటనే ఉన్నాడు. కర్త మాత్రం ఇంద్రియగోచరుడు కాడు. జనరల్ మేనేజరు కర్త అనుకొంటే ఆయన బదిలీపై వెళ్లిపోతాడు, కంపెనీ నిలిచే ఉంటుంది. ప్రభుత్వమే కర్త అనుకొంటే న్యాయస్థానాలు అంగీకరించవు. ప్రభుత్వం వాటాదారు మాత్రమేనని అవి పలుమార్లు తీర్పు చెప్పాయి. చేతులు లేకుండా సంతకం చేసేదీ, మరణం లేకుండా ఆస్తి అనుభవించేదీ అయిన ఈ పదార్థం ఏది? దానికీ దానిలో వాటాలు గలవారికీ సంబంధమేమి?

ప్రశ్న ఆధునికంగా తోచినా దీని మూలం భారతీయ దర్శనాలకు చిరపరిచితం. తంతువులు వేరు, పటం వేరు అని న్యాయవైశేషికుల సిద్ధాంతం. దారాలు అవయవాలు, వస్త్రం అవయవి. అవయవి తన అవయవాలలో సమవాయసంబంధంతో ఉంటుందే కాని వాటి కుప్ప కాదు. దారం ఒంటిని కప్పదు, వస్త్రం కప్పుతుంది. బౌద్ధులు దీనిని ఒప్పుకొనలేదు. పరమాణువుల సముదాయానికి మించిన అవయవి ఏదీ లేదనీ, అది కల్పనామాత్రమనీ వారి పక్షం. కార్యం కారణానికి భిన్నం కాదన్న సాంఖ్యులదీ అద్వైతులదీ ఇంకొక త్రోవ. శతాబ్దాలు సాగిన ఈ వాదం క్రీ.శ. 1886లో కలకత్తా ఉన్నత న్యాయస్థానంలో, స్టాంపు సుంకం రూపంలో, మళ్లీ తలెత్తింది. కొండోలి తేయాకు తోటల యజమానులు తమ తోటను తామే స్థాపించుకొన్న కంపెనీకి బదలాయించారు. ఇచ్చేది మేమే, పుచ్చుకొనేదీ మేమే, ఇందులో విక్రయమెక్కడిది, సుంకమెందుకు అని వారు వాదించారు. అవయవి లేదన్న బౌద్ధపక్షమే ఇది, వారెరిగినా ఎరుగకున్నా. న్యాయస్థానం నైయాయికుల పక్షాన నిలిచింది: వాటాదారులు వేరు, కంపెనీ వేరు, వాటాదారులు పూర్తిగా అన్యులైనట్లయితే సుంకం ఎలా పడేదో ఇప్పుడూ అలాగే పడుతుంది.

పదేళ్ల తర్వాత, 1896 నవంబరులో, ఇంగ్లండు ప్రభువుల సభ ఇదే సూత్రాన్ని ఆరన్ సాలమన్ వ్యాజ్యంలో స్థిరపరచింది. లండన్ నగరపు చెప్పుల వ్యాపారి సాలమన్ 1892లో తన దుకాణాన్ని కంపెనీగా మార్చాడు. మొత్తం 20,007 వాటాలలో 20,001 అతనివి. తక్కిన ఆరు, భార్యాబిడ్డలకు ఒక్కొక్కటి. కంపెనీ తనకు బాకీ ఉన్నట్లు 10,000 పౌండ్ల హామీపత్రాలను కూడా వ్రాయించుకొన్నాడు. మరుసటి ఏటనే వ్యాపారం కూలింది. సరుకిచ్చిన అప్పులవాళ్లు, ఇది సాలమన్ నీడయే కాని వేరొక వ్యక్తి కాదు, బాకీ అతడే తీర్చాలి అన్నారు. క్రింది న్యాయస్థానాలు ఔనన్నాయి. ప్రభువుల సభ కాదన్నది. చట్టం చెప్పిన విధంగా నమోదైన క్షణం నుండి కంపెనీ స్వతంత్రవ్యక్తి. ఒక్కడే నూటికి తొంభైతొమ్మిది వంతుల వాటాదారు అయినా భేదం భేదమే. ఈనాటికీ ప్రపంచంలోని కంపెనీ న్యాయశాస్త్రానికి ఈ తీర్పే మూలస్తంభం. దానికంటె పదేళ్లు ముందే భారతభూమిపై అదే నిర్ణయం వెలువడిందన్న సంగతి ఎందుచేతనో అంతగా ప్రచారంలోకి రాలేదు.

అయితే న్యాయశాస్త్రంలోని అవయవికీ నైయాయికుల అవయవికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఒక దారం లాగివేస్తే పాత వస్త్రం నశించి క్రొత్త వస్త్రం పుట్టిందనే నైయాయికుడంటాడు. కంపెనీ అలా కాదు. వాటాలన్నీ చేతులు మారినా, తొలి వాటాదారు ఒక్కడూ బ్రతికి లేకున్నా, కంపెనీ అదే కంపెనీ. తార్కికుడు ఊహించినదానికంటె గట్టి నిత్యత్వాన్ని చట్టం తన కల్పనకు ప్రసాదించింది.

కల్పిత వ్యక్తికి ఆస్తి ఉండటం ఈ దేశానికి క్రొత్త కాదు. వేములవాడ రాజరాజేశ్వరుడు, ధర్మపురి లక్ష్మీనృసింహుడు, బాసర జ్ఞానసరస్వతి - ఈ ఉత్తర తెలంగాణ క్షేత్రాలలో దేవతామూర్తి పేరనే మాన్యాలు, ఆభరణాలు, కానుకలు ఉన్నాయి. అర్చకుడు యజమాని కాడు, ధర్మకర్త యజమాని కాడు, దేవాదాయశాఖ అధికారి అంతకన్నా కాడు. భక్తుని దృష్టిలో ఇందులో చోద్యమేమీ లేదు. స్వామి సాక్షాత్తు ఉన్నాడు, సొత్తు ఆయనది. చోద్యమేమంటే వైదికకర్మకు పరమప్రమాణమైన పూర్వమీమాంస దీనిని అంగీకరించకపోవడం. జైమిని సూత్రాల తొమ్మిదవ అధ్యాయపు దేవతాధికరణంలో శబరస్వామి నిర్మొహమాటంగా చెప్పాడు: దేవగ్రామం, దేవక్షేత్రం అని లోకం అనే మాటలు ఉపచారమాత్రాలు. ఏ వస్తువును ఎవడు తన ఇచ్ఛానుసారం వినియోగించగలడో అది వానిది. దేవత గ్రామాన్ని గాని క్షేత్రాన్ని గాని అలా వినియోగించదు. మనుస్మృతికి భాష్యం వ్రాసిన మేధాతిథి కూడా ఈ మార్గమే అనుసరించాడు.

బ్రిటిషు ప్రీవీ కౌన్సిల్ 1925లో మల్లిక్ కుటుంబ వ్యాజ్యంలో శబరుని త్రోవ విడిచింది. కలకత్తాలోని ఆ కుటుంబపు ఇలవేలుపును అర్చన వంతు వచ్చినవారు తమ ఇంటికి తరలించుకొనవచ్చునా అన్నది అక్కడి తగవు. మూర్తి ఎవరి చరాస్తీ కాదు, న్యాయికవ్యక్తి. నివాసం విషయంలో దేవత అభీష్టాన్ని కూడా గౌరవించాలి, ఆ పక్షాన మాట్లాడటానికి తగవుతో సంబంధం లేని ప్రతినిధి ఉండాలి అని కౌన్సిల్ తేల్చింది. 1969లో యోగేంద్రనాథ్ నస్కర్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో దేవత కూడా పన్ను చెల్లించవలసిన వ్యక్తియేనన్నది. అక్కడ న్యాయమూర్తులు చూపిన వివేకం గమనార్హం. పారమార్థికంగా మూర్తి పరమాత్మకు అధిష్ఠానం. చట్టం వ్యక్తిగా భావించేది మాత్రం దాత సంకల్పించిన ధర్మప్రయోజనాన్ని. రెంటినీ వారు కలగలుపలేదు. భక్తుడు మ్రొక్కే స్వామికి పన్ను నోటీసు అందదు.

దేవాలయ న్యాయం నుండి కంపెనీ న్యాయానికి పోలిక ఇంతవరకే. రుణం దగ్గరకు వచ్చేసరికి దారులు విడిపోతాయి. ధర్మశాస్త్రజ్ఞుడు ఆగి ఆలోచించవలసిన ఘట్టం ఇదే.

కలసి వ్యాపారం చేయడాన్ని స్మృతికారులు 'సంభూయ సముత్థానం' అన్నారు. అష్టాదశ వ్యవహారపదాలలో అది ఒకటి. లాభమైనా నష్టమైనా పెట్టుబడి ననుసరించి గాని, ముందు చేసుకొన్న ఒడంబడికను అనుసరించి గాని పంచుకోవాలని యాజ్ఞవల్క్యస్మృతి విధి. కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు దీనికి మితాక్షరావ్యాఖ్య రచించాడు. ఆ మితాక్షరనే పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగులోకి తెచ్చాడు. తెలుగువారి తొలి ధర్మశాస్త్రగ్రంథం అది. ఆ శాస్త్రంలో నష్టంలో పాలు ఉన్నది కాని, నష్టానికి హద్దు లేదు. పైగా ఋణాదాన ప్రకరణం ప్రకారం తండ్రి అప్పు కొడుకు తీర్చాలి, మనుమడు అసలు మాత్రం తీర్చాలి. మద్యానికీ జూదానికీ చేసిన అప్పు, రాజదండనలో మిగిలిన బాకీ వంటివి మాత్రమే ఇందుకు మినహాయింపు. ఋణం దేహంతో దగ్ధం కాదు. దేవ, ఋషి, పితృ ఋణాలతోనే మనుష్యుడు జన్మిస్తాడని చెప్పే సంస్కృతికి ఇంతకంటె వేరుగా తోచడం కష్టం.

పరిమిత బాధ్యత ఈ మూలాన్నే ఛేదించింది. ఇంగ్లండులో 1855 చట్టం, 1862 కంపెనీల చట్టం, బ్రిటిషు ఇండియాలో 1857 నాటి 19వ చట్టం వెంటవెంట వచ్చాయి. వాటాదారు తన వాటా మూల్యం చెల్లించివేస్తే చాలు. కంపెనీ ఎంత అప్పు మిగిల్చినా అతని ఇంటి కడప దాటి అప్పులవాడు లోనికి రాలేడు. ఆ అప్పు కర్త అయిన కంపెనీది. కంపెనీకి కొడుకులు లేరు, మనుమలు లేరు, పరలోకం లేదు. తీర్చలేని ఋణాన్ని మూటగట్టుకొని పోవలసిన ఆత్మ అక్కడ లేదు. కర్తృత్వం ఒకరిది, భోక్తృత్వం వేరొకరిది కావడం కర్మసిద్ధాంతం ఎన్నడూ అంగీకరించనిది. చట్టం దానినే నియమంగా చేసుకొంది.

ఇది మంచిదా చెడ్డదా అన్నది తేలికగా తేల్చరాని ప్రశ్న. గనుల త్రవ్వకానికి కావలసిన ధనం ఏ ఒక్క శ్రేష్ఠి ఇంటనూ ఉండదు. వేలమంది వద్ద చిన్న మొత్తాలు సేకరించాలి. గని మునిగితే ఇల్లూ వాకిలీ పోతాయని తెలిస్తే అపరిచితుడెవడూ ఒక రూపాయి కూడా పెట్టడు. గోదావరి లోయ బొగ్గు పైకి వచ్చింది ఈ కల్పన చలువవల్లనే. తొలి మోసం జరిగిందీ దీని చాటుననే.

1871లో భారత భూగర్భ సర్వేక్షణశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గుపొరలను గుర్తించాడు. ఆ ప్రాంతంలోని సింగరేణి అనే పల్లె పేరే తర్వాత సంస్థకు పేరైంది. అప్పటి ప్రభువు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. 1886లో గనుల హక్కు ఇద్దరు ఆంగ్లేయులకు ధారాదత్తమైంది. ఆ హక్కుతో లండన్‌లో 'హైదరాబాద్ దక్కన్ కంపెనీ లిమిటెడ్' నమోదైంది. మూలధనం కాగితంపై పది లక్షల పౌండ్లు, అంటే పదేసి పౌండ్ల లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు హక్కు సంపాదించినవారికే, ఒక్క పౌను నగదు చెల్లించకుండానే, పూర్తి మూల్యం చెల్లించిన వాటాలుగా దక్కాయి. కంపెనీకి నిజంగా ధనం తెచ్చినవి మిగిలిన 15,000 మాత్రమే.

ఇంతటితో ఆగలేదు. నిజాం ప్రభుత్వం పక్షాన లండన్‌లో బేరసారాలు నడిపినవాడు సర్దార్ దిలేర్ జంగ్ అనే బిరుదు గల అబ్దుల్ హక్. అతని సలహాపై నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ వాటాలనే 10,000, ముఖవిలువను మించిన ధరకు కొన్నది. అవి బహిరంగ విపణిలోనివి కావనీ, ఆ హక్కుదారుల ముఠాలో రహస్య భాగస్వామి అయిన అబ్దుల్ హక్ చేతిలోనివేననీ తర్వాత బయటపడింది. 1888లో బ్రిటిషు కామన్స్ సభ ఈ వ్యవహారంపై ఒక ప్రత్యేక విచారణసంఘాన్ని నియమించింది. అబ్దుల్ హక్ ఉద్యోగం పోయింది.

ఇక్కడ జిజ్ఞాసువు నిలిచి చూడవలసిన విపర్యయమొకటి ఉన్నది. భూమి నిజాం రాజ్యానిది. భూగర్భంలోని బొగ్గు నిజాం రాజ్యానిది. దానిని త్రవ్వుకొనే హక్కు రాజు కంపెనీకి ఇచ్చాడు. పిదప ఆ కంపెనీ వాటాలను రాజే పైధర పెట్టి కొన్నాడు. కొన్న తర్వాత రాజుకు దక్కినదేమి? ఇల్లందు గనిలోని ఒక్క బొగ్గుపెళ్లపైన కూడా వాటాదారుగా అతనికి స్వామ్యం లేదు. లాభాంశం ప్రకటిస్తే అందుకొనే హక్కు, సభలో ఓటు, కంపెనీ మూతపడితే అప్పులన్నీ తీరాక మిగిలినదానిలో పాలు - వాటా అంటే ఇంతే. రాజుగా ఇచ్చినది వస్తువు. వాటాదారుగా కొన్నది వస్తువు కాదు, ఒక సంబంధం. రాజ్యకోశం నుండి పోయిన ధనానికి ప్రతిగా వచ్చినది కాగితం అని నాటి విమర్శకులు ఆక్షేపించారు. అది కాగితం కూడా కాదు, కాగితంపై నమోదైన ఒక అపేక్ష అంటేనే ఎక్కువ సరి.

విశిష్టాద్వైతుల శరీరలక్షణంతో పోల్చినా ఈ చిక్కు తెలుస్తుంది. శరీరి చేత ధరించబడేది, నియమించబడేది, శరీరి ప్రయోజనానికే శేషభూతమైనది శరీరం అని రామానుజుల నిర్వచనం. వాటాదారు కంపెనీని ధరించడు, ధనమిచ్చి తప్పుకొంటాడు. నియమించేది డైరెక్టర్లు, వారు వాటాదారుల సేవకులు కారు, కంపెనీ పట్ల బాధ్యులు. శేషత్వమో, అప్పులవారి తర్వాతనే వాటాదారులకు. కనుక వాటాదారు కంపెనీకి అంతర్యామి అన్న ఉపమానం ఎక్కడా అతకదు.

హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఆస్తులనూ అప్పులనూ స్వీకరిస్తూ 1920 డిసెంబరు 23న హైదరాబాదు కంపెనీల చట్టం క్రింద 'సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్' అవతరించింది. ఆస్తులతోపాటు అప్పులను కూడా స్వీకరించడం గమనించాలి. ఒక న్యాయికవ్యక్తి నుండి మరొక న్యాయికవ్యక్తికి ఋణం సంక్రమించేది పుత్రత్వం చేత కాదు, ఒడంబడిక చేత. 1920ల చివరి సంవత్సరాలలో గనులు ఆదిలాబాదు జిల్లా బెల్లంపల్లి ప్రాంతానికి విస్తరించాయి. 1960ల నుండి కరీంనగరం జిల్లా గోదావరి తీరాన రామగుండం, గోదావరిఖని గనులు వచ్చాయి. ఈనాటి జిల్లాల లెక్కలో అవి మంచిర్యాల, పెద్దపల్లి.

1945లో హైదరాబాదు రాజ్యం ఈ కంపెనీ వాటాలలో అధికభాగం కొన్నది. మూడేళ్లకు, 1948 సెప్టెంబరులో, ఆ రాజ్యమే భారతదేశంలో లీనమైంది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో వాటాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించాయి. 1960లో కేంద్రప్రభుత్వం కూడా వాటాదారుగా చేరింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినపుడు పునర్విభజన చట్టం పన్నెండవ షెడ్యూలు వాటాలను తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతంగా నిర్దేశించింది. సింహాసనం పోయింది, రాజ్యం పోయింది, రాష్ట్రం రెండుగా చీలింది. 1920లో పుట్టిన కంపెనీ మాత్రం ఒక్కసారి కూడా మరణించలేదు, పునర్జన్మ ఎత్తలేదు. బదలాయించబడినవి ప్రతిసారీ వాటాలే, గనులు కావు. ఈ అఖండత లేకుంటే ప్రతి రాజకీయ పరిణామంలోనూ ప్రతి లీజు, ప్రతి కార్మికుని సర్వీసు, ప్రతి బాకీ మళ్లీ మొదటినుండి వ్రాసుకోవలసివచ్చేది.

ఇదే న్యాయం ఇంకొక మెట్టు క్రిందికీ వర్తిస్తుంది. విజయవాడ చేరువ కొండపల్లిలో సింగరేణికి అనుబంధసంస్థ ఒకటి ఉన్నది, భారీ యంత్రాల తయారీకి. అందులో సింగరేణి వాటాదారు. ఆ కర్మాగారంలోని ఒక్క లేతు యంత్రమైనా చట్టరీత్యా సింగరేణిది కాదు, సింగరేణిలో వాటాలున్న తెలంగాణ ప్రభుత్వానిది అసలే కాదు. వస్త్రమే తిరిగి మరొక వస్త్రానికి దారమైనట్లు.

ప్రభుత్వమే వాటాదారు అయినపుడు ఈ భేదానికి అర్థముందా అన్న ప్రశ్న తెలుగునేల నుండే సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లింది. రాష్ట్ర ప్రభుత్వ ఆదాయంపై కేంద్రం పన్ను వేయరాదని రాజ్యాంగం 289వ అధికరణం. కరీంనగరం నుండి ఆదిలాబాదు దాకా ఊరూరా అప్పట్లో బస్సు నడిపిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, తన ఆదాయం రాష్ట్ర ఆదాయమేనని, పన్ను వర్తించదని వాదించింది. 1964లో న్యాయస్థానం కాదన్నది. సంస్థ ప్రత్యేకవ్యక్తి, దాని ఆదాయం దానిదే, రాష్ట్రానిది కాదు. పదేళ్ల ముందు, 1954లో, ఒక తేయాకు కంపెనీ వాటాదారు తన లాభాంశం వ్యవసాయపు ఆదాయమే కదా అని అడిగినపుడు వచ్చిన సమాధానం కూడా ఇటువంటిదే: తోట కంపెనీది, వ్యవసాయం చేసినది కంపెనీ, నీకు వచ్చినది లాభాంశం. 1981లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వ్యాజ్యంలో, వాటాలన్నీ భారతప్రభుత్వానివే అయినా బొగ్గుసంస్థ భూములూ భవనాలూ ప్రభుత్వ ఆస్తి కావనీ స్థానిక ఆస్తిపన్ను కట్టవలసిందేననీ తీర్పు వచ్చింది.

మరి అదే ప్రభుత్వసంస్థ ఒక ఉద్యోగిని అన్యాయంగా తొలగిస్తే? అప్పుడు న్యాయస్థానం ముసుగు తొలగించి చూస్తుంది. 1980 నాటి అజయ్ హాసియా తీర్పు క్రమంలో, ప్రభుత్వ నియంత్రణ లోతుగా ఉన్న సంస్థ ప్రాథమిక హక్కుల విషయంలో 'రాజ్యం'తో సమానం, సమానత్వాన్ని ఉల్లంఘించరాదు. పన్నుకు భేదం, హక్కులకు అభేదం. లౌకికుడు దీనిని ద్వంద్వనీతి అంటాడు. శాంకరభాష్యం చదివినవానికి అంత ఆశ్చర్యం కలగదు: వ్యావహారిక సత్యం తన ప్రయోజనం నెరవేరేంతవరకే సత్యం, ఏ ప్రయోజనం కోసం కల్పించబడిందో దానికి అడ్డుపడినపుడు బాధితమవుతుంది. ప్రజల హక్కులను హరించడానికి కంపెనీ అనే ఉపాధి కల్పించబడలేదు. అప్పులవారిని వంచించడానికే కంపెనీ పేరు వాడుకొన్నవానిని చట్టం వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేసేదీ ఈ తర్కంతోనే. ఉపాధి చాటున దాగిన జీవుని కర్మ జీవునిదే.

దుఃఖమంతా ఈ సిద్ధాంతం అంచున ఉన్నది. సిర్పూర్ పేపర్ మిల్స్ నిజాం కాలంలో, 1938లో, ఆదిలాబాదు జిల్లా కొత్తపేటలో స్థాపితమైంది; ఆ పల్లె కాగజ్‌నగర్ అయింది. 2014లో మిల్లు ఆగిపోయింది. ఊరికే ఆ మిల్లు పేరు, ఊరంతటికీ ఆ మిల్లే అన్నం. యజమాని కంపెనీ కనుక ఏ ఇంటి తలుపూ తట్టే వీలు కార్మికునికి లేకపోయింది. వాటాదారు పోగొట్టుకొన్నది పెట్టిన సొమ్ము. ముప్ఫైయేళ్లు గుజ్జు వాసన పీల్చినవాడు పోగొట్టుకొన్నది నెలజీతం, బిడ్డల చదువు, కొన్నిళ్లలో మందులు. 2016 దివాలా చట్టం క్రింద హైదరాబాదులోని జాతీయ కంపెనీ న్యాయ ట్రిబ్యునల్ 2018లో ఆమోదించిన ప్రణాళికతో జె.కె. పేపర్ దానిని స్వీకరించి తిరిగి నడిపింది. కంపెనీ పేరు అదే, నమోదు అదే, వాటాలు వేరొకరివి. ఇంతటి ప్రళయంలోనూ న్యాయికవ్యక్తి అదే.

రామగుండం ఎరువుల కర్మాగారం గతి వేరు. బొగ్గు నుండి యూరియా చేసిన ఆ యూనిట్ 1980లో మొదలై 1999లో మూతపడింది. 2015 ఫిబ్రవరిలో ఆ స్థలంలోనే 'రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్' అనే క్రొత్త కంపెనీ నమోదై, ఈసారి సహజవాయువుతో, 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించింది. పాత సంస్థ ఇందులో వాటాదారులలో ఒకటి. నేల అదే, పేరులో రామగుండం అదే. వ్యక్తి మాత్రం వేరు. పాత ఉద్యోగి క్రొత్త గేటు ముందు నిలబడి నేను ఇక్కడివాడిని అంటే, చట్టం దృష్టిలో అతడు వేరొకరివాడు. కాగజ్‌నగర్‌లో జనం మారి వ్యక్తి నిలిచింది, రామగుండంలో నేల నిలిచి వ్యక్తి మారింది.

సింగరేణి కూడా 1990లలో మృత్యుముఖం చూసింది. పేరుకొన్న నష్టాలతో 'రుగ్ణ పరిశ్రమ'గా ఆ విషయాల మండలి ముందుకు వెళ్లింది. శరీరం లేనిదానికి రోగం ఉండటం మన వ్యవహారభాషలోని వింత. వాటాదారులుగా ప్రభుత్వాలు ఆ అప్పులకు బాధ్యులు కావు. వదిలివేస్తే చట్టం అడ్డుపడదు. అయినా కేంద్ర, రాష్ట్రాలు పునర్వ్యవస్థీకరణకు పూనుకొన్నాయి. గోదావరి లోయలో విద్యుత్తుకు బొగ్గు కావాలి, లక్ష కుటుంబాలకు పని కావాలి. ఇది వాటాదారు బాధ్యత కాదు, రాజధర్మం. రెండు వేర్వేరు మూలాల నుండి వచ్చే కర్తవ్యాలివి. ఒకదాని హద్దు రెండవదానికి వర్తించదు.

కోలుకొన్న తర్వాత 1999-2000 నుండి లాభాలలో కొంత భాగం కార్మికులకు పంచే ఆచారం వచ్చింది. పది శాతంతో మొదలైంది. 2022-23లో నికరలాభం 2,222 కోట్లు. అందులో 32 శాతం, సుమారు 711 కోట్లు, కార్మికులకు ప్రకటించారు. దసరా ముందు 'లాభాల వాటా' పడిందా అని బెల్లంపల్లిలో, గోదావరిఖనిలో ఒకరినొకరు పలకరించుకొంటారు. మాట వాటాయే. చట్టరీత్యా మాత్రం ఒక్క వాటా కూడా వారిది కాదు. లాభం కంపెనీది, పంచే నిర్ణయం కంపెనీది, వారికి అందేది స్వామ్యఫలం కాదు. నేలమాళిగలో పైకప్పు విరిగిపడితే ప్రాణం పోయేది వీరిదే. కర్తృత్వం, భోక్తృత్వం, స్వామ్యం మూడూ మూడు చోట్ల నిలిచిన ఇటువంటి ఏర్పాటును విజ్ఞానేశ్వరుడు ఏ వ్యవహారపదంలో చేర్చేవాడో ఊహించడం కష్టం. సంభూయ సముత్థానంలోనే పనివారిని, ముఖ్యంగా కృషి, శిల్పాలలో కలసి శ్రమించేవారిని కూడా భాగస్వాములుగా లెక్కించే సంప్రదాయం స్మృతులలో ఉన్నది. ఋత్విక్కులు దక్షిణ పంచుకొనే విధానమే అందుకు ఆదర్శం.

సింగరేణి వాటాల పట్టికలో ఈనాడు తెలంగాణ ప్రభుత్వానికి 51.096 శాతం, భారతప్రభుత్వానికి 48.902 శాతం ఉన్నాయి. మిగిలిన 0.002 శాతం ప్రైవేటు వ్యక్తులది. కొత్తగూడెంలో నమోదైన కార్యాలయం నుండి వారికి కూడా వార్షిక సర్వసభ్య సమావేశపు పిలుపు వెళ్లాలి, ఓటు హక్కు ఉంటుంది. ఆ సభలో వారు అడిగే ప్రశ్నకు కంపెనీ సమాధానం చెప్పాలి. ప్రాణాలొడ్డి గనిలోకి దిగే కార్మికునికి ఆ సభలో కుర్చీ లేదు.